ఊరందరి బాకీదారు

ప్రభుత్వానికి జనం మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొస్తే జనం కాస్త జాగ్రత్తగా ఉండాలి. నందిగుంట పట్టణంలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. అందుకే ‘గృహ బాకీల వసూలు మరియు కుటుంబ పరపతి పరిరక్షణ పథకం’ వచ్చిందని మున్సిపాలిటీ ఆటో మైకులో చెప్పుకుంటూ పోతుంటే అందరూ సంతోషంగా గుమ్మాల్లోకి వచ్చి విన్నారు.

పథకం వెనకున్న ఆలోచన చాలా గొప్పది. రాజధానిలో ఒక పెద్ద అధికారి మేనకోడలి పెళ్ళికి వెళ్ళి, భోజనాల హాలు గుమ్మం పక్కన బల్ల వేసుకుని చదివింపులు రాస్తున్న మనిషిని చూశాడు. ఎవరెంత చదివించారో పుస్తకానికెక్కించడం, రేపు వాళ్ళింట్లో పెళ్ళయితే ఆ పుస్తకం తీసి చూసి అంతకు తగ్గకుండా తిరిగి చదివించడం మనకి కొత్తేమీ కాదు. ఆ అధికారికి మాత్రం అక్కడ, చేతిలో ఐస్‌క్రీం కప్పుతో నిలబడి ఉండగా, జ్ఞానోదయమైంది. రాష్ట్రంలో ప్రతి ఇంటి బీరువాలోనూ, పట్టుచీరల అడుగున, వసూలు కాని అప్పులు మూలుగుతున్నాయి! పెద్ద పెద్ద ఫ్యాక్టరీల వాళ్ళు ఎగ్గొట్టిన వందల కోట్లు వసూలు చెయ్యాలంటే వాళ్ళు దేశంలో ఉండరు, ఉన్నా ఫోనెత్తరు. ఈ నూట పదహార్ల వాళ్ళు ఎక్కడికీ పోరు. జీతమో, పింఛనో, రేషనో, ఏదో ఒకటి ప్రభుత్వం చేతి మీదుగానే అందుకుంటారు. అందులోంచి కోసేస్తే సరి.

ఎనిమిది నెలలు ఫైలు నడిచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి కుటుంబమూ తన చదివింపుల పుస్తకాలు పదిహేను రోజుల్లో వార్డు కార్యాలయంలో దాఖలు చెయ్యాలి. రావలసిన బాకీలను ప్రభుత్వమే బాకీదారుల వేతనాల నుంచీ లబ్ధుల నుంచీ మినహాయించి, సేవా రుసుము పట్టుకుని, మిగిలింది ‘యథాకాలంలో’ జమ చేస్తుంది.

నందిగుంట ఆడవాళ్ళు బీరువాలు తెరిచారు. ప్రతి ఇంట్లోనూ తమకు ఎంత రావాలో లెక్క వేసుకున్నారు. తాము ఎంత ఇవ్వాలో వేసుకున్నవాళ్ళు మాత్రం కనపడలేదు. పదిహేను రోజుల గడువు పెడితే నాలుగో రోజుకే రెండువందల పద్నాలుగు పుస్తకాలు దాఖలయ్యాయి. వాటిని వార్డు ఆఫీసు నుంచి మున్సిపల్ ఆఫీసుకి తోపుడుబండి మీద తోసుకెళ్ళినవాడు దాసరి కోటిలింగం.

కోటిలింగానికి యాభై ఎనిమిదేళ్ళు. మున్సిపాలిటీ నీళ్ళ ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పే ఉద్యోగం, నెలకి పద్దెనిమిది వేలు. అతని చేతిరాత ముత్యాల్లాగా ఉంటుంది. అంత అందమైన రాత వాల్వులు తిప్పేవాడికి ఎందుకిచ్చాడో దేవుడికే తెలియాలి. కానీ ఊరు దాన్ని వృథా పోనివ్వలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఏ ఇంట పెళ్ళయినా చదివింపుల బల్ల ముందు కూర్చునేది అతనే. పుస్తకం నాలుగు మూలలా పసుపు రాసి, పేరు, ఊరు, ఎవరి తరఫు, ఎంత, అన్నీ గళ్ళు తప్పకుండా రాస్తాడు. పైసా తేడా రాదు. దానికి ప్రతిఫలంగా ఒక పూట భోజనం, ఇంటికి ఒక లడ్డూ పొట్లం. అతను పుస్తకాల బండి తోసుకుంటూ వెళ్తూ, తన రాత అంతా ఒక్కచోట చేరుతోందని కాస్త మురిసిపోయాడు కూడా.

అతని భార్య సామ్రాజ్యానికి గుండె కవాటం మార్చి మూడేళ్ళయింది. ఆపరేషన్ ఉచితంగానే అయింది. ఆ తరవాత రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం రోజుకో మాత్ర వేసుకోవాలి, నెలకోసారి రక్తపరీక్ష చేయించాలి. ఇవి ఉచితం కాదు. అంతా కలిపి నెలకి రెండువేల పైచిలుకు. “ఒక్క రోజు కూడా మానకూడదమ్మా, మానితే ఎప్పుడు ఏమవుతుందో మేం చెప్పలేం,” అని గుంటూరు డాక్టరు చెప్పాడు. కోటిలింగం ఆ మాట మరిచిపోలేదు. జీతం అందిన రోజున మొదట వెళ్ళేది మందుల షాపుకే.

ఆ నెల ఒకటో తారీఖున జీతం అందలేదు. చీటీ అందింది. మొత్తం వేతనం పద్దెనిమిది వేలు, గృహ బాకీల మినహాయింపు పద్దెనిమిది వేలు, చేతికి వచ్చేది సున్నా. కింద ‘మీ సహకారానికి ధన్యవాదాలు’ అని ఉంది.

అతను తిన్నగా మున్సిపల్ ఆఫీసు మేడ మీదికి వెళ్ళాడు. అక్కడ ప్రత్యేక వసూలు అధికారి మార్తాండరావుగారు కొత్త కుర్చీలో, దాని ప్లాస్టిక్ తొడుగు ఇంకా తియ్యకుండా కూర్చుని ఉన్నారు.

“రండి కోటిలింగంగారూ, రండి. మీ గురించే జిల్లాకి నివేదిక పంపుతున్నాం. ఆదర్శ బాకీదారు,” అన్నారు మార్తాండరావుగారు.

“నేను ఎవరికీ బాకీ లేనండి. నాకు పిల్లలు కూడా లేరు. మా ఇంట్లో పెళ్ళే జరగలేదు, నా పెళ్ళి తప్ప. అప్పుడు వచ్చినవి కూడా అందరికీ తిరిగి చదివించేశా.”

“మీరు అలా అనుకుంటున్నారు. పత్రాలు వేరుగా మాట్లాడుతున్నాయి,” అంటూ ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. “ప్రోనోటు ఎవరు రాస్తారు? అప్పు తీసుకున్నవాడు రాస్తాడు. ఇది న్యాయశాస్త్రంలో ప్రాథమిక సూత్రం. ఉత్తర్వులో ఏడవ నిబంధన కూడా అదే చెబుతోంది. ‘పత్రము ఎవరి దస్తూరీలో ఉన్నదో సదరు వ్యక్తియే బాకీదారుగా పరిగణింపబడును.’ రెండువందల పద్నాలుగు పుస్తకాలూ దస్తూరీ నిపుణుల దగ్గరికి పంపాం. ఒకే చెయ్యి. మీ చెయ్యి.”

“నేను రాసిపెట్టానండి! ఆళ్ళ పెళ్ళిళ్ళకి ఆళ్ళు రమ్మంటే పోయి రాశాను. డబ్బులు పెట్టెలో ఏసుకుంది ఆళ్ళు కదండీ!”

“పెట్టె గురించి ఉత్తర్వులో ప్రస్తావన లేదు,” అన్నారు మార్తాండరావుగారు ఎంతో సానుభూతితో. “మీరు సంతకం పెట్టకుండా కేవలం రాసి ఊరుకోవడం పరిస్థితిని ఇంకా జటిలం చేసింది. సంతకం లేదంటే బాకీ ఎగ్గొట్టే ఉద్దేశం ఉన్నట్టేనని ఆడిట్ అభ్యంతరం. నేనే నచ్చజెప్పాను.”

మొత్తం బాకీ ఒక కోటీ ముప్పై ఏడు లక్షల నలభై రెండు వేల ఆరువందల పదహారు రూపాయలని తేలింది. అందులో నలభై మూడు గోడ గడియారాలకీ, నూట తొమ్మిది స్టీలు బిందెలకీ అరుగుదల పోను కట్టిన విలువ కూడా ఉంది. నెలకి పద్దెనిమిది వేల చొప్పున అరవై మూడేళ్ళ ఎనిమిది నెలల్లో తీరిపోతుందని మార్తాండరావుగారు లెక్కల యంత్రం నొక్కి చూపించారు.

“నేను ఇంకో నాలుగేళ్ళలో రిటైరవుతానండి,” అన్నాడు కోటిలింగం నీరసంగా.

“ప్రభుత్వం అది ఆలోచించకుండా ఉంటుందా? బాకీ తీరేవరకూ మీ సర్వీసు పొడిగిస్తూ ఉత్తర్వులు ఇప్పించాం. మీకు నూట ఇరవై ఒక్క ఏళ్ళు నిండేవరకూ ఉద్యోగ భద్రత. ఈ శాఖలో ఇంకెవరికీ లేదు.”

కోటిలింగం మెట్లు దిగేసరికే ఈ పొడిగింపు సంగతి కిందికి పొక్కింది. యూనియన్ నాయకుడు కరచాలనం చేసి, ఎవరి రికమెండేషనని చెవిలో అడిగాడు.

ఊళ్ళో సంగతి వేరు. ఊరు పండగ చేసుకుంది. ఎందుకు చేసుకోదు? బాకీదారు ఒక్కడే అని తేలాక మిగతావాళ్ళ జీతాల్లోంచి, పింఛన్లలోంచి రూపాయి కోత పడలేదు. నందిగుంటలో అందరికీ రావలసిందే ఉంది, ఎవరికీ ఇవ్వవలసింది లేదు. చరిత్రలో ఏ పట్టణానికీ పట్టని అదృష్టం. పైగా ప్రతి ఇంటికీ రావలసిన మొత్తం వేసి, బంగారు రంగు అంచున్న ‘గృహ శ్రేయో పత్రం’ ఒకటి ఇచ్చారు. జనం వాటికి ఫ్రేములు కట్టించి పెళ్ళి ఫోటోల పక్కన తగిలించుకున్నారు. ఆ సొమ్ము ఎప్పుడొస్తుందని అడిగినవాళ్ళకి, వసూలు శాఖ ఏర్పడింది గాని చెల్లింపుల శాఖ ఇంకా ఏర్పడలేదని చెప్పారు.

“పోనీ చేబదులు ఎవరన్నా ఇస్తారేమో చూడవయ్యా,” అంది సామ్రాజ్యం. ఆమె దగ్గర పన్నెండు మాత్రలు ఉన్నాయి.

చేబదులు కూడా కుదరలేదు. బాకీదారుగా నమోదైనవాడికి ఎవరేమిచ్చినా మొదట వసూలు కార్యాలయంలో రాయించాలి, రాయించగానే అది పాత బాకీకి జమ అవుతుంది. మందుల షాపు సాంబిరెడ్డి చిన్నప్పటి నుంచీ తెలిసినవాడే. “అన్నా, అరువిచ్చానని తెలిస్తే నా లైసెన్సు మీదకొస్తదంట. ఏమనుకోమాక,” అని షట్టరు సగం దించి మాట్లాడాడు. డిపోలో సామ్రాజ్యం పేరున వచ్చే రేషన్ బియ్యం కూడా ఆ నెల నుంచి ‘కుటుంబ బాధ్యత’ కింద ఆపేశారు. ఆ మాట చెప్పినప్పుడు డీలరు తలెత్తలేదు.

కోటిలింగం మళ్ళీ మేడెక్కాడు. ఈసారి మార్తాండరావుగారు ఒక దారి చూపించారు. ఇరవై రెండవ నిబంధన ప్రకారం, చదివించినవారు తాము ఇచ్చినది తిరిగి వస్తుందన్న ఆశతో ఇవ్వలేదని ‘నిరపేక్ష దాన ధ్రువీకరణ పత్రం’ మీద సంతకం చేస్తే ఆ మేరకు బాకీ రద్దవుతుంది.

“ఇంతేనా అండి?” అన్నాడు కోటిలింగం. అతనికి ప్రాణం లేచొచ్చింది. పెళ్ళి బల్ల దగ్గర కవరు ఇస్తూ ప్రతివాడూ అనే మాట ఒకటే కదా. ‘ఏదో మా ఆశీర్వాదం అని రాయి లింగం.’ ముప్పై ఒక్క ఏళ్ళుగా విన్నాడు. పత్రాలు రెండు కట్టలు చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

మొదట రైసుమిల్లు కందుల భాస్కరరావు ఇంటికి వెళ్ళాడు. ఏ పెళ్ళికైనా అయిదువేల నూట పదహార్లకి తక్కువ చదివించని మనిషి. మైకులో రెండుసార్లు చెప్పించుకుంటాడు. పత్రం చదివి, వెనక్కి తిప్పి, మళ్ళీ చదివాడు.

“లింగం, నీకోసం ప్రాణమైనా ఇస్తాను గానీ ఇదేందయ్యా? మాఘంలో మా చిన్నదాని పెళ్ళి పెట్టుకున్నాం. ఇప్పుడు ఇందులో సంతకం పెడితే ఊళ్ళో ఒక్కడైనా కవరు తెస్తాడా? పెళ్ళయిపోనీ, అప్పుడు రా.”

హైస్కూలు తెలుగు మాస్టారు త్యాగం గురించి అరగంట చెప్పారు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నారు. కలం మాత్రం మూత తియ్యలేదు. ఆయన శ్రీమతి లోపల నుంచి, “రెండు లక్షల డెబ్బై వేలండీ, గోడకే ఉంది,” అని గుర్తుచేసింది. అగ్రికల్చర్ ఆఫీసులో గుమాస్తా, అందరూ పెడితే తనూ పెడతానన్నాడు. అందరూ అదే అన్నారు. కొందరు మజ్జిగ ఇచ్చారు. ఒకావిడ సామ్రాజ్యం ఆరోగ్యం ఎలా ఉందని చాలా ఆపేక్షగా అడిగి, మందులు మాత్రం మానిపించవద్దని సలహా ఇచ్చింది. కోటిలింగానికి ఒళ్ళు మండింది. జీవితంలో మొదటిసారి ఆ మనిషికి జనం మీద నిజంగా కోపమొచ్చింది.

తొమ్మిది రోజులు తిరిగాడు. తొమ్మిదో రోజుకి ఒక్క సంతకం దొరికింది, అదీ వేలిముద్ర. జాకెట్లు కుట్టే ఖాజాబీ, కుట్టుమిషను మీద నుంచి లేవకుండానే, “ఇచ్చింది మళ్ళీ లాక్కోటానికి ఇచ్చానేంది బాబాయ్? ఏడ ఎయ్యాలో చెప్పు,” అంది. ఆమె మొత్తం చదివింపులు రెండువందల ఎనభై రూపాయలు. మార్తాండరావుగారు ఆ మొత్తం బాకీలోంచి తగ్గించి, దరఖాస్తు రుసుము మూడువందలు కలిపారు.

ఇంట్లో మూడు మాత్రలు మిగిలాయి. సామ్రాజ్యం రోజు విడిచి రోజు వేసుకుంటానంది. “నోరుముయ్యవే,” అని కోటిలింగం అరిచాడు. అరిచి, గుమ్మంలో కూర్చుని, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

మర్నాడు ఆ గుమ్మం ముందు ప్రభుత్వపు జీపు ఆగింది. అందులోంచి మార్తాండరావుగారు దిగారు. చేతిలో శుభలేఖ ఉంది. ఆదివారం వాళ్ళబ్బాయి పెళ్ళి, ఊళ్ళోని పెద్ద కల్యాణమండపంలోనే. జిల్లా అధికారులందరూ వస్తున్నారు. అంతా సిద్ధంగా ఉంది, చదివింపుల బల్ల దగ్గర కూర్చునేవాడు తప్ప. పథకం వచ్చాక నందిగుంటలో ఆ పుస్తకం మీద పెన్ను పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. రాసినవాడే బాకీదారు మరి.

“మీకైతే ఇప్పటికే కోటీ ముప్పై ఏడు లక్షలుంది. ఇంకో పది లక్షలు పడినా మీకు తెలిసేది కాదు. పైగా సర్వీసు మరో నాలుగేళ్ళు పెరుగుతుంది,” అన్నారాయన ఎంతో కలుపుగోలుగా.

కోటిలింగం నోరు తెరిచేలోగా సామ్రాజ్యం గడప దగ్గరికి వచ్చింది. “వస్తాడు లెండి బాబూ. డబ్బులిస్తే ఎటూ మీరే కోసుకుంటారు. నా మాత్రలు మూడు నెలలకి కొనిపెట్టండి. ఇయ్యాలే కొనిపెట్టాలి.”

మార్తాండరావుగారు నిబంధనలు మనసులో తిరగేసుకున్నారు. బాకీదారు భార్యకి ఇచ్చే మాత్రల గురించి ఎక్కడా లేదు. సాయంత్రానికి డ్రైవరు మాత్రలు తెచ్చిచ్చాడు. ఆ డబ్బాను సామ్రాజ్యం దేవుడి గూట్లో పెట్టి, మొగుడితో నెమ్మదిగా అంది. “వస్తాడని చెప్పాగానీ రాస్తాడని చెప్పలేదయ్యా. నువ్వు కూర్చో. ఆళ్ళ చేతే రాయించు.”

ఆదివారం కోటిలింగం ఉతికిన చొక్కా వేసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. పుస్తకానికి పసుపు రాశాడు, గళ్ళు కొట్టాడు. మొదట వచ్చినవారు జిల్లా ఖజానా అధికారి. కోటిలింగం లేచి నమస్కారం పెట్టి పెన్ను అందించాడు.

“అయ్యా, పద్నాలుగో నిబంధన ప్రకారం నమోదైన బాకీదారు అనుమతి లేకుండా కొత్త పత్రం రాయకూడదండి. తమ పేరు, మొత్తం తమ చేత్తోనే రాయండి. పెద్దలు స్వహస్తాలతో రాస్తే దంపతులకి కూడా మంచిదండి.”

నిబంధన అనే మాట వినగానే ఖజానా అధికారి గౌరవంగా వంగి రాశారు. ఆయన రాశారు కనక వెనకవాళ్ళూ రాశారు. ఆర్డీవో రాశారు, కలెక్టరుగారు రాశారు, ఎమ్మెల్యేగారి తరఫున ఆయన బావమరిది రాశాడు, దస్తూరీ నిపుణులు ముగ్గురూ వరసగా రాశారు. కందుల భాస్కరరావు పదివేల నూట పదహార్లని రాసి, కింద గీత కూడా కొట్టాడు. పెళ్ళి సంబరంలో తన ఏడవ నిబంధన తనకే గుర్తుకురాక, వరుడి తండ్రి హోదాలో మార్తాండరావుగారు ఆఖరి పేజీలో మొత్తం కూడి, సంతకం చేశారు. మొత్తం నాలుగువందల పన్నెండు మంది.

కొత్త పుస్తకాన్ని ఇరవై నాలుగు గంటల్లో దాఖలు చెయ్యాలన్నది మార్తాండరావుగారి సొంత ఆదేశం. ఆయన వియ్యాలవారింట్లో విందులో ఉండగా ఆఫీసు సిబ్బంది నియమం తప్పకుండా దాఖలు చేశారు, కంప్యూటరుకి ఎక్కించారు. ఒకే పత్రంలో పలు దస్తూరీలు ఉంటే ఏం చెయ్యాలో తొమ్మిదవ నిబంధనలో స్పష్టంగా ఉంది. అందరూ ఉమ్మడిగానూ, విడివిడిగానూ, పూర్తి మొత్తానికి బాకీదారులు.

ఒకటో తారీఖున జిల్లా మొత్తం మీద చీటీలు అందాయి. కలెక్టరుగారికి సున్నా. ఖజానా అధికారికి సున్నా. దస్తూరీ నిపుణులకి మూడు సున్నాలు. అన్నిటి కిందా ‘మీ సహకారానికి ధన్యవాదాలు’ అని ఉంది.

ఎనిమిది నెలలు నడిచిన ఫైలు నలభై నిమిషాల్లో మూతపడింది. పథకం రద్దు. దాని కింద బాకీలన్నీ తీరినట్టు పరిగణింపబడును. శ్రేయో పత్రాలు చెల్లవు. అంతవరకూ మినహాయించిన వేతనాలు అధికారుల విషయంలో తక్షణం తిరిగి చెల్లించబడును, ఇతరుల విషయంలో పరిశీలించబడును. పెద్దల రాత ఎవరి కంటా పడకుండా అదే మధ్యాహ్నం పుస్తకాలన్నీ, రెండువందల పదిహేనూ, లారీకెత్తి కాగితపు మిల్లుకి పంపి గుజ్జు చేయించారు. మార్తాండరావుగారికి ప్రమోషనిచ్చి చెల్లింపుల శాఖ ఏర్పాటు చెయ్యమన్నారు.

మరుసటి నెల కోటిలింగం జీతం పూర్తిగా చేతికొచ్చింది. సామ్రాజ్యానికి రక్తపరీక్ష చేయించాడు. అంతా సరిగ్గానే ఉందన్నారు. ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు నలభై జతల చెప్పులున్నాయి.

భాస్కరరావు ముందున్నాడు. “లింగం, మాఘం దగ్గరపడింది. పుస్తకాలు పోయినయి. ఎవడు నాకెంత చదివించాలో, నేను ఎవడికెంత చదివించానో తెలిసి చావటం లేదు. రాసినవాడివి నువ్వే కదా! నీకు గుర్తుంటుంది. ఒక్కసారి చెప్పు, పక్కన కూర్చుని మావాడు రాసుకుంటాడు.”

మాస్టారు తెల్లకాగితాలు తెచ్చుకున్నారు. అగ్రికల్చర్ గుమాస్తా పెన్ను మూత తీసి పట్టుకున్నాడు.

కోటిలింగం అందరి మొహాలూ ఒకసారి చూశాడు. “నాకేం గుర్తులేదండి. ఇప్పుడు మీరు ఎవరికీ బాకీ లేరు. మీకూ ఎవరూ బాకీ లేరు,” అన్నాడు.

తాము ఎవరికీ బాకీ లేరన్న మాట ఒక్కరికీ వినపడినట్టు లేదు. తమకు ఎవరూ బాకీ లేరన్న మాటకి మాత్రం ఇంట్లో మనిషి పోయినట్టు మొహాలు పెట్టుకుని, ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు.

సామ్రాజ్యం మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చింది. “నిజంగానే గుర్తులేదా?”

“ఎందుకు లేదు? ఖాజాబీ ఇరవై ఒక్క రూపాయల దగ్గర్నించీ అన్నీ ఉన్నాయి.”

“మరి చెప్పకపోయావా పాపం?”

“మొదలుపెడితే ఆపలేనే,” అన్నాడు కోటిలింగం. “నీ మాత్రలు అయిపోయేటప్పుడు ఏ గుమ్మంలో ఎవరేమన్నారో, అది కూడా వరసగా గుర్తుంది.”